పడవకు తూర్పు గుమ్మం

బారువ, మంగళవారం

అక్కా,

ఇక్కడ నేను క్షేమం. ఫోన్లో చెబితే సగంలోనే తిట్లు లంకించుకుంటావని కార్డు రాస్తున్నాను.

పడవ గది చుట్టూ ఉన్న చిరుగుల కాన్వాసు తీసేసి కొత్తది వేయించాను. గుమ్మం తూర్పుకే పెట్టించాలని నాతో ఒట్టు వేయించుకున్నావు కదా. పడవ ఇసుక మీద సముద్రంకేసి ముక్కు పెట్టి ఉంది. అటే తూర్పని ముందువైపే గుమ్మం కుట్టించాను. నీళ్ళలోకి దిగామో లేదో, మొదటి కెరటమే గదిలోకి వచ్చి కూర్చుంది. అన్నం క్యారేజీ తేలిపోయింది. నాతో వేటకొచ్చే బాలకృష్ణ ఒకటే నవ్వు.

"ఇదేటి బావా, కెరటానికి బొట్టెట్టి పిలిసినట్టుంది! గుమ్మం ఎనక్కి మార్పించు" అన్నాడు.

మార్పించేశాను. ఇప్పుడు లోపల చుక్క నీరు పడడం లేదు.

పాత కాన్వాసు పంపుతున్నాను, జీడిపిక్కలు ఆరబెట్టుకోడానికి పనికొస్తుంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎండుచేపలు అందాయా? ఆవకాయ ఎవరైనా ఇటు వస్తే పంపు. అమ్మకు, బావకు నమస్కారాలు. పాపకు ముద్దులు.

ఒట్టు తప్పానని మాత్రం బెంగపెట్టుకోకు. వేటకు వెళ్ళేటప్పుడు పడవ ముక్కు తూర్పుకు, గుమ్మం ఒడ్డువైపు, అంటే మీ వైపు ఉంటుంది. వేట ముగించి ఒడ్డుకు మళ్ళామంటే పడవ తిరుగుతుంది. ఇంటికొచ్చే ప్రతిసారీ నా గుమ్మం తూర్పుకేనే అక్కా.

నీ తమ్ముడు
వైకుంఠం