ఆరో మలుపు

పెద్దమ్మాయికి,

సోమవారం ఉదయం ఎనిమిదింటికి మన రేసు ట్రాకులో ఆరో మలుపును తవ్వడం మొదలుపెట్టారు. ఇంకెవరి నోటనో వినకూడదని ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఇక క్షేమ సమాచారాలు. మేమిద్దరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది, మందులు మాత్రం నేను గుర్తు చేస్తేనే వేసుకుంటున్నారు. నీ మెడ పట్టేసిందన్నావు, తగ్గిందో లేదో రాయి.

ఆ మలుపు పూర్తిగా పోతుందా అని అడిగావు. పోతుంది. ఆ వేగమైన వంపు స్థానంలో బాగా ముడుచుకున్న మలుపు వస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కకుండా తిరగడం కుదరదు, వెనకవాళ్లకు దాటే అవకాశం అక్కడే. ఎందుకు మార్చాలి అన్నావు. నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను. మీదుగా వెళ్లే గాలి నేలకు అదిమి పట్టబట్టే ఇప్పటి కార్లు అంత వేగంగా తిరగగలుగుతున్నాయి. ముందు కారు చెదరగొట్టిన గాలిలో వెనక కారుకు ఆ పట్టు దొరకదు. అలాంటి వంపులో ఎంత మంచి డ్రైవరైనా వెనకబడక తప్పదు. అందుకే మన ట్రాకు మీద ముందు బయలుదేరినవాళ్లే ముందు చేరుతున్నారు. గత రెండేళ్లూ అది నువ్వు.

ఈసారి కూడా ఇక్కడ గెలిస్తేనే వచ్చే ఏడాది కారు ఇస్తానని మీ జట్టు యజమాని అన్నాడని వేసవికి ముందే రాశావు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను.

నీకు రాయని సంగతి ఒకటుంది. వేసవి మొదట్లో, నీతో రేసుల్లో పోటీపడే సన్నోడు ట్రాకులు గీసే మా ఆఫీసుకు వచ్చాడు. నిరుడు ఆరో మలుపులో బయటి వైపు నుంచి నిన్ను దాటబోయి గోడకు కొట్టుకున్నాక వాణ్ణి చూడటం అదే మొదలు. కర్ర లేకుండా నడుస్తున్నాడు గానీ ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. నీ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు కదా, వాడూ అదే అన్నాడు.

"అక్క నాకు చోటివ్వాల్సిన పనేముంది ఆంటీ? రేసు కదా."

"మరి పోయి పోయి అక్కడే ఎందుకు దూరావురా?"

"ఇంకెక్కడ దూరను? మొత్తం ట్రాకులో ఒక్క చోటు చూపించండి."

గోడ మీద ట్రాకు పటం ఉంది. చూపిద్దామని లేచాను. చూపించడానికి ఏమీ కనబడలేదు.

ఆ ఆదివారం మీ నాన్నను పార్కింగు స్థలానికి తీసుకెళ్లాను. మలుపును సుద్దతో చిన్నగా గీసి, ఒకరి వెనక ఒకరు కార్లలా నడిచి చూడటం నా అలవాటు. నీ చిన్నప్పుడు నాకు వెనక కారు నువ్వే. మొదటి గీతలో నేను లోపలి వైపు పట్టుకున్నాను, ఆయనకు సందు దొరకలేదు.

"ఇంట్లోనూ ఇంతే. దారిచ్చిన పాపాన పోలేదు" అన్నారు.

చెరిపేసి, మలుపులోకి వచ్చే చోట వెడల్పు పెంచాను. ఈసారి ఆయన బయటి వైపు నుంచి వచ్చి, ఆలస్యంగా తిరిగి, నేను మలుపు దాటేలోపే లోపలి నుంచి నా ముందుకొచ్చేశారు. నవ్వారు. కాసేపటికి గట్టు మీద కూర్చుని, "పెద్దదాన్ని కూడా ఇలాగే దాటేస్తారు కదా" అన్నారు.

"దాటొచ్చు. అదీ ఇంకొకరిని దాటొచ్చు" అన్నాను.

ఆయన లేచి సుద్దముక్కలు ఏరి జేబులో వేసుకున్నారు.

ఆ కొత్త మలుపు గీసిన మహానుభావుడెవరో కనుక్కుని రాయమన్నావు. నేనే. యాజమాన్యం అడగలేదు, నేనే గీసి తీసుకెళ్లి ఇచ్చాను. నీ కారు సంగతి తెలియక ముందు ఇచ్చానని రాస్తే మనిద్దరికీ తేలికగా ఉండేది. తెలిశాకే ఇచ్చాను. గెలిచేది నువ్వే కావాలని నాకూ ఉంది. వెనక వచ్చేవాళ్లకు ఆ గోడ కాకుండా ఇంకో దారి ఉండాలని కూడా ఉంది. రెండూ ఒకే కాగితం మీద గీయడం నాకు చేతకాలేదు. కోపం వస్తే రానీ. ఉత్తరం మాత్రం ఆపకు.

కొత్త మలుపు మీద పరీక్ష పరుగు వచ్చే నెల ఆఖరి గురువారం, ఉదయం తొమ్మిదింటికి. రెండే కార్లు. ముందు నువ్వు, వెనక సన్నోడు. వాడికి డాక్టరు అనుమతి వచ్చింది. మధ్యాహ్నం వాడు ముందు, నువ్వు వెనక.

ఇట్లు,
మీ అమ్మ