పట్టాల ఇవతలి లైను

తాండూరు,
18 నవంబర్ 2024.

చిరంజీవి భవ్యశ్రీకి,

మీ నాయన జంగప్ప మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వు, నీ కడుపులోని నలుసు, అల్లుడు కార్తీక్, మీ అత్తగారు అందరూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఏళ్ళ తరబడి నాపరాళ్ళ పాలిష్ మిషన్ పక్కన నిలబడి నా చెవులు సగం పోయిన సంగతి నీకు తెలుసు. ఫోన్‌లో నువ్వు ఏడ్చేది వినబడుతుంది గానీ ఏమంటున్నావో వినబడదు. రేపు పొద్దున పక్కింటి భాగమ్మ మీ వికారాబాద్‌లోనే వాళ్ళ చెల్లెలింటికి వస్తోంది. నీకోసం కట్టిన కందిపప్పుతో పాటు ఇది కూడా ఆమె చేతికిస్తున్నాను.

ఇంటర్నెట్ వచ్చిందా అని అడిగావు. రాలేదు బిడ్డా. దసరాకు ముందు మన గల్లీలో మురుగునీటి మోరీ కోసం రోడ్డు తవ్వినప్పుడు వైరు తెగింది కదా, ఆ కథే ఇంకా నడుస్తోంది. కేబుల్ చంద్రకాంత్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నీకు పూర్తిగా చెప్పలేదు. ఎప్పుడు పోయినా ఫ్యాను కింద కూర్చొని ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, జర ఓపిక పట్టు పెద్దాయనా, వైరు బండిల్ రావాలె అంటాడు. మన గల్లీలో కనెక్షన్లు తక్కువ కాబట్టి వచ్చిన బండిళ్ళన్నీ ముందు వేరే గల్లీలకు పోతాయి. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, నీ లైను తీసుకపో, వేరేవాళ్ళది పెట్టించుకుంటా అన్నాను. పెట్టించుకో, పట్టాల ఇవతల నాది గాక ఇంకో లైను ఎట్లొస్తదో నేను గూడ చూస్త అని నవ్వాడు.

వాడన్నది నిజమే. స్టేషన్‌కు అవతల మెయిన్ రోడ్డు మీద రెండు మూడు కంపెనీలున్నాయి. భాగమ్మతో ఫోన్ చేయించాను. మన గల్లీ పేరు చెప్పగానే, మా వైరు ఇంకా పట్టాలు దాటలేదండీ అన్నారు. చంద్రకాంత్ కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా ఆమెతోనే చేయిస్తే అక్కడి అమ్మాయి పాపం మర్యాదగానే మాట్లాడింది. ఫోన్ పెట్టేసిన కాసేపటికి, మీ సమస్య పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది. ఎవడొచ్చాడు, ఎవడు చూశాడు! వాళ్ళ పాడుగాను.

మొబైల్ నెట్‌తో చూడమన్నావు, అదీ చూశాం. ఈ రాళ్ళ యార్డుల మధ్య మనింట్లో సిగ్నల్ ఎంత ముద్దుగా ఉంటుందో నీకు తెలియనిది కాదు. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. మనలాంటి వాళ్ళకైతే బొమ్మ ఆగినా గొంతు వస్తుంది, పని నడుస్తుంది. పుట్టినప్పటి నుంచి చెవులు వినబడని, నోట మాట రాని మీ అమ్మకు ఆ బొమ్మే గొంతు. నువ్వు చెయ్యి ఎత్తడం కనబడింది, దించడం కనబడలేదు. అన్నం తిన్నానన్నావో, కడుపు నొస్తోందన్నావో తెలియక ఆ రోజంతా ఆమె పరేషాన్ అయింది. మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఒకసారి ఆమెను కూడా చంద్రకాంత్ దగ్గరికి తీసుకపోయాను. వద్దన్నా వినలేదు. ఫోన్‌ను వాడి టేబుల్ మీద పెట్టి, గబగబా చేతులు తిప్పుతూ ఏమేమో అడిగింది. వాడు నావైపు చూసి, గీమెకు ఇంటర్నెట్ ఎందుకు పెద్దాయనా, మామూలు ఫోన్ల మాట్లాడుకోరాదా అన్నాడు. అక్కడున్న వాళ్ళు కూడా సిగ్గుతో తల దించుకున్నారు. నీ నోరు కట్టేస్తే నీకెట్లుంటది అని అడుగుతోందిరా అని చెప్పి ఆమెను తీసుకొని వచ్చేశాను. ఆ రోజు నుంచి వాడికో పేరు పెట్టింది. వైరు చుట్టినట్టు చెయ్యి తిప్పి, పక్కకు తుపుక్కున ఉమ్మడం. అంత కోపంలోనూ నాకు నవ్వొచ్చింది.

మీ ఇద్దరి మాటలు నాకు ఇప్పటికీ సగమే తెలుస్తాయి. అది ఏ బడిలోనూ నేర్చింది కాదు, మీరిద్దరూ పొయ్యి దగ్గర కూర్చొని పుట్టించుకున్నది. గడ్డం మీది సొట్టలో వేలు పెడితే నువ్వు. ముంజేతి మీది రాతిపొడి దులుపుకుంటే నేను. నువ్వేమో పుర్రచేతిదానివి. ఎడమ చేత్తో తిన్నా, ఎడమ చేత్తో మాట్లాడినా మీ అమ్మ ఆ చేతి మీద టపీమని ఒకటి వేసేది. నువ్వు మాత్రం మారలేదు. పెళ్ళై పోయాక ఫోన్‌లో ఆమె కుడిచేయి, నీ ఎడమచేయి ఎదురెదురుగా కదులుతుంటే, అద్దంలో చూసుకున్నట్టుందని మురిసిపోయేది.

లైను పోయాక కూడా రోజూ నువ్వు ఫోన్ చేసే వేళకు ముఖం కడుక్కొని, బొట్టు పెట్టుకొని, ఫోన్‌ను జొన్నల డబ్బాకు ఆనించి కూర్చునేది. గోడ మీది ఇంటర్నెట్ డబ్బాలో ఎర్ర లైటు. ఆ లైటు వైపు చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకొని ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు బతుకమ్మను నీకు చూపించాలని ఫోన్ ముందు పెట్టింది. అందరూ పాటలు మొదలుపెట్టి పిలిచినా కదల్లేదు. చివరికి భాగమ్మ వచ్చి బతుకమ్మను ఎత్తుకపోయింది.

నేనే వస్తానన్నావు. వద్దు బిడ్డా. రైలెక్కితే గంట దారే, నిజమే. కిందటిసారి ఐదో నెలలో ఏమైందో నేను గుర్తు చేయను. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నదంటే దిగొద్దు. మమ్మల్ని రమ్మంటున్నావు. యార్డులో పని ఎక్కువగా ఉంది, చూస్తాను.

ఇంకో మాట. పడుకున్న చోటి నుంచే చంద్రకాంత్ మీద కంప్లైంట్ పెట్టావని, అందులో లైన్‌మన్ బాల్‌రాజ్ పేరు కూడా రాశావని భాగమ్మ ద్వారా తెలిసింది. లైను బాగు చేయకుండానే చేశానని కంపెనీ లెక్కల్లో అబద్ధం రాసుకున్నాడని నీ కోపం. బాల్‌రాజ్ పేరు తీసెయ్ బిడ్డా. ఎందుకని అడగకు. మంచివాడు, పిల్లలు గలవాడు.

ఆరోగ్యం జాగ్రత్త. ఫికర్ పెట్టుకోకు.

ఇట్లు,
మీ నాయన
జంగప్ప

తా.క.: తెల్లారి రాస్తున్నాను. భాగమ్మ బండికి ఇంకా టైముంది. కార్తీక్‌ను పక్కన కూర్చోబెట్టుకొని చదువు. ముందే చెబుతున్నాను, మీ అమ్మ ఉంది, నడుస్తోంది, తింటోంది. పైన రాసిన వాటిలో అబద్ధాలున్నాయి. మేము క్షేమం అన్నది, పని ఎక్కువ అన్నది, ఇంటర్నెట్ రాలేదన్నది.

లైను తెగి ఉన్నప్పుడే, దసరా పోయాక ఒక పొద్దున, రొట్టెల పిండి పిసుకుతుంటే ఆమె కుడిచేయి పడిపోయింది. పక్షవాతం. మేము ఆస్పత్రిలో ఉండగా బాల్‌రాజ్ లైను బాగు చేసి పోయాడు. ఇంటికొచ్చేసరికి డబ్బాలో పచ్చ లైటు. నేను సంబరంగా నీకు ఫోన్ కలపబోతే ఆమె ఎడమ చేత్తో ప్లగ్గు పీకేసింది. తన పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించి, అదే చేత్తో నా నోరు మూసింది. నువ్వు ఆ పడిపోయిన చెయ్యి చూస్తే మంచం దిగి పరుగెత్తుకొస్తావని ఆమె భయం. కాన్పు అయ్యేదాకా చెప్పకూడదు. సరే అన్నాను.

నిన్న సాయంత్రం ఈ ఉత్తరం మడిచి పెట్టాక బాల్‌రాజ్ వచ్చాడు. నీ కంప్లైంట్ చూసి చంద్రకాంత్ అతన్ని పనిలోంచి తీసేశాడట. లైను మంచిగనే చేసిన గదనే, నాకెందుకు గీ శిక్ష అంటూ లోపలికొచ్చి తనే ప్లగ్గు పెట్టాడు. పచ్చ లైటు వచ్చింది. జర నువ్వన్న చూడు నాగవ్వక్కా అని మీ అమ్మ వైపు తిరిగి, ఒళ్ళో పడి ఉన్న ఆ చెయ్యి చూశాడు. నీకు ఎందుకు దాచామో నేను చెప్పాను. తర్వాత ప్లగ్గు తనే పీకి పక్కన పెట్టాడు. అన్నా, కంప్లైంట్ గట్లనే ఉండనీ, బిడ్డ కాన్పు కానీ, నా సంగతి తర్వాత చూస్కుందం అని పోయాడు.

అతను గడప దాటాడో లేదో, మీ అమ్మ నా చొక్కా పట్టుకుంది. ఏం జరిగిందో చెప్పేదాకా వదల్లేదు. చెప్పాక ఎంత కోపమొచ్చిందో! ఎడమ చేత్తో వంకరటింకరగా ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఇంకొకరి పిల్లల నోటికాడి కూడు తీసి నా పిల్లను కాపాడుకోను అంటోంది. అర్థమయ్యాక ఇద్దరం ఏడ్చాం.

చంద్రకాంత్ మీది కంప్లైంట్ తీయకు బిడ్డా. వాడు ఆ వైరు అప్పుడే పంపి ఉంటే, ఆమె కుడిచేయి ఆడిన చివరి రోజుల్లో అది నీతో మాట్లాడేది. ఆ మాటలన్నీ ఎర్ర లైటు ముందు ఒళ్ళోనే పోయాయి. నాకు కడుపు మండేది అందుకే. బాల్‌రాజ్ పేరు మాత్రం ఇవాళే తీసి, తప్పు మాదని రాయి.

సాయంత్రం ఎప్పటి వేళకు ఫోన్ చెయ్యి. ప్లగ్గు ఆమే పెట్టింది. ఏడుపొస్తే ఏడువు గానీ మంచం దిగకు. నేను ఇది రాస్తుంటే ఎదురుగా కూర్చొని ఎడమ వేలితో గడ్డం తడుముకుంటోంది, నీ పేరు పలకాలని. వేలు ఒకసారి పెదవి మీదికి పోతోంది, ఒకసారి మెడ మీదికి. చిన్నప్పుడు నిన్ను ఏ చేతి మీద కొట్టిందో, ఆ చెయ్యి ఎట్లా తిరిగేదో గుర్తు చేసుకుంటోంది. నువ్వు కొంచెం నెమ్మదిగా మాట్లాడాలట. నిన్ను చూసి నేర్చుకుంటుందట.