గడియ ఎత్తు

తమ్ముడూ,

వెన్నుపూస దెబ్బతిన్న మీ అందరినీ ఉంచిన ఆ పాత హోమ్ చరిత్ర పుస్తకంగా రాస్తున్నానని చెప్పి, తలుపులు చేసిన వడ్రంగిగా నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నావు. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

పద్నాలుగు తలుపులు చేశాను. ఒక్కటీ కిర్రుమనలేదని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను.

మొన్న నీ కొత్త ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ తలుపు తోశాను. తెరుచుకోలేదు. "ఆగు అన్నయ్యా, బట్టలు మార్చుకుంటున్నా" అన్నావు లోపల్నుంచి. కాసేపటికి నువ్వే గడియ తీశావు. అది నీ చక్రాల కుర్చీ చేతి ఎత్తులో ఉంది.

ఆ హోమ్‌లో గడియలన్నీ నా తల ఎత్తున బిగించానురా. కూర్చునేవాళ్లకని తెలిసీ, నిలబడి కొలత తీసుకున్నాను. పందొమ్మిదేళ్లు మీలో ఒక్కరూ గడియ వేసుకోలేకపోయారు.

ఒకసారి నువ్వు ఒళ్లు తుడుచుకుంటుంటే తలుపు తోసుకొచ్చి, "తలుపేసుకోవచ్చు కదరా, సిగ్గులేదూ?" అని నవ్వాను. నువ్వు గోడవైపు చూశావు. ఆ సిగ్గు నాదేరా. దాచకుండా ఇదంతా నీ పుస్తకంలో రాయి.

ఆదివారం వస్తాను. తట్టి బయటే నిలబడతాను. గడియ చప్పుడు వినపడితేనే లోపలికొస్తాను.

మీ అన్నయ్య