మొహం చూపనివాళ్ల నీళ్లు

సుజాతా,

నీ ఆఖరి రోజు పొద్దున పలాస ఆసుపత్రిలో డయాలసిస్ అవుతుండగా నువ్వు ఫోన్‌లో నీ అంతరిక్షం ఆట ఆడుతున్నావు. డాక్టర్లు చెప్పినట్టు కొలిచిన నీళ్లే తాగే నువ్వు, ఆ ఆటలోని ఎండిన గ్రహంలో చెరువులు తవ్వేదానివి. ఆ పూట ఆటలో పేరు చెప్పని సంస్థ ఒకటి నీళ్లిస్తానంది. బదులుగా అక్కడివాళ్లందరి రక్తం నమూనాలు అడిగింది.

"ఒప్పేసుకో, దాహంతో చస్తున్నారు" అన్నాను.

"మొకం సూపనోడికి రగతం ఇచ్చెత్తామేటి బావా? ఎందుకో సెప్పమను ముందు" అని నవ్వావు.

సాయంత్రానికి లేవు.

నిన్న మన ఊళ్లోకి ఒక వ్యాన్ వచ్చింది. ఉచితంగా మంచినీళ్ల ప్లాంటు పెడతారట, ఇంటింటా రక్తం నమూనా ఇవ్వాలట. ఎవరి తరఫునో చెప్పలేదు. "మాస్టారు సరేనంటే ఇత్తాం" అన్నారు మనవాళ్లు, నావైపు చూసి.

నీ ఆట ఇంకా ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంది. రేపు పొద్దున వ్యాన్ దగ్గరికెళ్లి, ఎందుకో చెప్పమని ముందు అడుగుతాను.