పర్మిట్ మీద చేప శాండ్‌విచ్

4, సోమవారం
ఉదయం 6.10. నిశ్చయం! ఆదివారం నా భార్య నలభయ్యో పుట్టినరోజు. ఏం కావాలని అడిగాను. ఏదో ఖరీదైన వస్తువు చెబుతుందని భయపడ్డాను. "పదహారేళ్లుగా అందరికీ పెట్టాక తింటున్నా. ఒక్క పూట మీరు చేసి పెడితే, కూర్చుని తినాలని ఉందండీ" అంది.
ఓస్, ఇంతేనా!
వంటకం: గ్రిల్ చేసిన చేప శాండ్‌విచ్, ఇంట్లో గిలకొట్టిన వెల్లుల్లి మయోనీజ్‌తో. కొన్న సీసా నిషిద్ధం. ఆవిడ సాయం అంతకన్నా నిషిద్ధం!

5, మంగళవారం
నేను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. నా సంతకంతో పర్మిట్ లేనిదే అక్కడ ఎవడూ నిప్పు వెలిగించడు. ఇంట్లో మాత్రం ఎందుకు వెలిగించాలి? "చేప కాల్చు పని" అని మూడు పేజీల పర్మిట్ తయారుచేసి స్టవ్ ఎదురుగా గోడకు అతికించాను. వంటకు టైము మిగల్లేదు. అయితేనేం, పునాది పడింది!

6, బుధవారం
సాయంత్రం 7.00. ముందు మయోనీజ్. పచ్చసొన, నిమ్మరసం, వెల్లుల్లి. నూనె చుక్కచుక్కగా పోయాలట. అంత తీరిక ఎవరికుంది? గ్లాసెడూ ఒక్కసారే గుమ్మరించాను.
7.02. విరిగింది.
7.20. రెండోదీ విరిగింది.
7.45. గుడ్లు అయిపోయాయి.
"నాన్నా, ఇది తినడానికా, తలకు రాసుకోవడానికా?" అంది కూతురు. చదువు మీద లేని శ్రద్ధంతా ఇక్కడే! అసలు గుడ్లే మంచివి కావు.

7, గురువారం
చేప ముక్క పాన్ మీద వేశానో లేదో, ఫ్యాక్టరీ నుంచి ఫోను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పొగ. పక్కింటాయన బకెట్ నీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. సేఫ్టీ ఆఫీసరు ఇంటికి! తలెత్తుకోలేకపోయాను. పాన్ ఆవిడ తోమింది. పాన్ తోమడం వంట కిందకు రాదు కాబట్టి అది సాయం కాదు.

8, శుక్రవారం
టీ తాగుతుంటే తట్టింది. అసలు తప్పు ఎక్కడుందంటే, రూలు ప్రకారం పర్మిట్ ఇచ్చే మనిషి పని ముట్టుకోకూడదు. ఇచ్చేది ఒకరు, చేసేది ఇంకొకరు. నేను రెండూ చేస్తున్నాను. ఘోరమైన ఉల్లంఘన!
"అంటే పని నేను చెయ్యాలా?" అంది ఆవిడ.
"నేను పక్కనే నిలబడి చూస్తాగా."
"పదహారేళ్లుగా చూస్తూనే ఉన్నారు కదండీ."
మెచ్చుకుందో దెప్పిందో తెలీలేదు. పర్మిట్‌లో "చేయువారు" దగ్గర సంతకం మాత్రం పెట్టింది.

9, శనివారం
మా మయోనీజ్ అద్భుతంగా కుదిరింది! ఆవిడ అరగంట చుక్కచుక్కగా నూనె పోస్తూ గిలకొట్టింది. నేను గడియారం చూశాను. ఆవిడకు చెయ్యి నొప్పి, నాకు మెడ నొప్పి.
అత్తగారిని, తోడల్లుడి కుటుంబాన్ని రేపు భోజనానికి పిలిచేశాను. ఇంత బాగా వచ్చాక నలుగురికీ తెలియొద్దూ?

10, ఆదివారం
మధ్యాహ్నం 1.00. పద్నాలుగు శాండ్‌విచ్‌లు. "బాబూ, మీ చేతిలో ఇంత రుచి ఉందని ఇన్నాళ్లూ తెలీలేదే!" అన్నారు అత్తగారు. మయోనీజ్ రహస్యం చెప్పమన్నాడు తోడల్లుడు.
"నూనె చుక్కచుక్కగా పొయ్యాలి. ఓపిక ఉండాలోయ్" అన్నాను.
2.15. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ నిలబడి, కోసేసిన బ్రెడ్ అంచులతో గిన్నెకు అంటిన మయోనీజ్ తుడుచుకుని తింటోంది. శాండ్‌విచ్‌లు అయిపోయాయి. మూడు నేనే తిన్నాను. పుట్టినరోజు మాట ఒక్కరమూ ఎత్తలేదు.
సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. "సారీ" అన్నాను.
"గ్లాసులు పై అరలో ఉన్నాయండీ" అంది.

11, సోమవారం
ఉదయం 6.10. నా టేబుల్ మీద కొత్త పర్మిట్. ఆవిడే నింపింది. పని: చేప శాండ్‌విచ్, ఒకటి. చేయువారు: మావారు. పర్యవేక్షణ: నేను, కుర్చీలో కూర్చుని.
గుండె చివుక్కుమంది. ఈసారి చేసి తీరతాను. నిశ్చయం!
6.25. పర్మిట్ మీద తేదీ లేదు. తేదీ లేని పర్మిట్ చెల్లదు. బాధగానే ఉంది, కానీ రూలు రూలే. సరిచేయమని తిప్పి పంపాను.
ఈలోగా చేప శుభ్రం చేసి ఉంచమన్నాను.