పెట్రోలా, డీజిలా?

అమ్మా, క్షేమంగా ఆరిజోనా చేరాను.

ఇల్లు అమ్మేసి మీరిద్దరూ కాపురముండబోయే చక్రాల ఇల్లు, అదే ఆ మోటార్‌హోమ్‌ను, చదువుకున్నదాన్నని నన్ను ఎంచమన్నారు గానీ, నాకేమీ తేలడం లేదు. పెట్రోలు బండి చవకే, కానీ ఇంజను ముందు సీట్ల మధ్యే ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడదు. డీజిలు బండికి ఇంజను వెనక, గుసగుసలాడినా వినపడుతుంది. నేను చూస్తున్న బండి పక్కదాంట్లో మొగుడితో కాపురముండే లోరెట్టా గారు "పెట్రోలే కొను తల్లీ, కొండ దాటేదాకా మా ఆయన సణుగుడు ఉండదు" అన్నారు. "నీ పాటలూ ఉండవు" అని లోపల్నుంచి ఆయన.

నవ్వేశాను గానీ, నాన్న రాత్రి షిఫ్టులతో మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీకేది కావాలో నాకెలా తెలుస్తుంది?

మంచు పడితే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలి ఉంచు. ఇది కవరు లేని కార్డు కాబట్టి నాన్నా చదువుతాడు. ఒకరిది ఒకరు చూడకుండా ఇద్దరూ జవాబు రాయండి.

ముద్దులతో,
డార్లా