బల్ల ముందు ఆగిపోయిన కథ

కుర్చీల మేస్త్రీ భార్యనైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా ఇది. "స్థిరచిత్తంతో" అని కూడా ఉండాలన్నాడు వకీలు. తెలివి ఉంది గానీ, చిత్తం సంగతి చెప్పలేను. మా ఆయన పోయి రెండు నెలలు దాటినా పొద్దున్నే రెండు గ్లాసుల్లో టీ పోసి, రెండోదాన్ని చూసి ఉలిక్కిపడుతున్నాను. అంత గట్టి మనిషే మాట మధ్యలో పోతే ఇక నాకేం హామీ? అందుకే నా మాటలు ముందే పూర్తి చేస్తున్నాను.

జరిగినది ఇందులో ఉండాలి. కుర్చీ తయారవగానే ఆయన దాన్ని షాపు ముందున్న బల్లకు ఎదురుగా వేసి, అందులో కూర్చుని ఒక కథ చెప్పేవాడు. కథ అయ్యేలోపు నడుము ఇబ్బందిగా కదిలిందా, ఆ కుర్చీ మళ్ళీ లోపలికి పోవలసిందే. వినడానికి బల్ల నిండా జనం. అసలు ముక్క చెప్పేముందు ఆగి అందరినీ ఊరించడం ఆయనకు సరదా. ఆ సాయంత్రం కూడా "ఏమన్నాడో తెలుసా?" అని ఆగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. అందరూ నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారు. గుమ్మంలో నేనూ నిలబడి చూస్తున్నాను. పక్క కొట్టు దర్జీ "చాల్లే అన్నా, చెప్పు ఇంక" అని మోకాలు తట్టాక గానీ తెలియలేదు. ఎంత ఘోరం! మనిషి పోయాడు, మేం కథ కోసం కూర్చున్నాం.

1. ఇల్లు, అందులోని సామాను నా తదనంతరం నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. మన ఇంట్లో ఏ రెండు కుర్చీలూ ఒకలా ఉండవు. అన్నీ ఆయన కథ మధ్యలో కదిలి, అమ్మడానికి వీల్లేదన్నవే.

2. ఆయన తమ్ముళ్ళిద్దరికీ చెరొక రంపం. వాళ్ళను చదివించిందీ పెళ్ళిళ్ళు చేసిందీ ఆ రంపాలే. అన్న పోయిన ఇంట్లో కూర్చుని కూరలో ఉప్పు తక్కువైందన్నాడు చిన్న మరిది. అది నేను మరచిపోలేదు. అయినా ఇస్తున్నాను, తుప్పు పట్టనివ్వకూడదు.

3. ఆయన కళ్ళజోడు ఎవరికీ కాదు. నాతో పంపించండి.

4. షాపు, మిగతా పనిముట్లు నా కొడుక్కి. అయితే ఒక షరతు, వినరా అబ్బాయీ. "మీరు కాస్త ముందే చూసుంటే మా నాన్న బతికేవాడు" అని నలుగురిలో దర్జీ బాబాయిని అన్నావు. బల్ల పీకి లోపల పడేశావు. మాట ఆగినప్పుడే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు కదరా! నీ చిన్నప్పటి నుంచీ నీకు బట్టలు కుట్టినవాడు, నీ కంటపడలేక ఇప్పుడు సందు చుట్టి ఇంటికి పోతున్నాడు. ఆ బల్ల మళ్ళీ బయట వెయ్యాలి. దాని మీద దర్జీ చోటు, ఆయన బతికున్నంత కాలం ఆయనదే. ఎవరూ లేపరాదు.

5. ఆ కథ ముగింపు. అది నా ఒక్కదాని దగ్గరే ఉంది. ఏ కథనైనా ముందు అన్నం దగ్గర నా మీద ప్రయోగించేవాడు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన చేసిన మొదటి కుర్చీకి ముందు కాళ్ళు పొట్టివైపోయాయి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారేవాడు. కొన్నతను నెల తిరక్కుండా వచ్చాడు. తన్నులు ఖాయమనుకున్నాడట ఈయన. ఏమన్నాడో తెలుసా? "ఇలాంటివే ఇంకో ఆరు చెయ్యి బాబూ, చుట్టాలు తొందరగా లేచిపోతున్నారు."

ఈ ముగింపును నా కొడుక్కీ దర్జీకీ ఉమ్మడిగా రాస్తున్నాను. పంపకాలు కుదరవు. ఇదీ, బల్ల సంగతీ నా చావు దాకా ఆగనక్కర్లేదు, సంతకం తడి ఆరగానే అమలు కావాలి. బల్ల వేసిన రోజు నువ్వే కుర్చీలో కూర్చుని కథ చెప్పు. మీ నాన్న ఆగినచోట నువ్వూ ఆగు. ఎంతసేపు ఆగాలో దర్జీకి తెలుసు. ఆయన మోకాలు తట్టాక మిగతాది చెప్పు.

తేదీ: మార్చి పదిహేడు, మంగళవారం.

సంతకం: కుర్చీల మేస్త్రీ భార్య

సాక్షులు: ఎదురింటి పంతులమ్మ, మందుల షాపాయన.

(సాక్షి సంతకం తానే చేస్తానని దర్జీ ముందుకొచ్చాడు. వాటా ఉన్నవాడు సాక్షిగా పనికిరాడన్నాడు వకీలు. తనకూ వాటా ఉందని దర్జీకి అప్పుడే తెలిసింది.)